ప్రమాణానికి ముందు వైద్యుడు

గత ఆదివారం రెండవ పూజ ముగిసిన తరువాత ఒక తల్లి గుడి ప్రక్క గుమ్మం దగ్గర నిలబడి ఉన్నది. అందరూ వెళ్ళిపోయేదాకా ఆగి, కొంగు నోటికి అడ్డం పెట్టుకొని అడిగింది: "ఫాదర్ గారూ, మా ఆయన్ని ఎర్రగడ్డ తీసుకుపొమ్మని డాక్టరు చీటీ రాసిచ్చాడండీ. తాగుడికి వైద్యమంటే పిచ్చాసుపత్రిలో పెట్టాలా? రేపు పిల్లకు సంబంధాలు చూడాలి. పిచ్చోడి కూతురంటే ఎవరు చేసుకుంటారు? మీరే ఒకసారి పిలిచి బైబులు మీద ప్రమాణం చేయించండి. మీ మాట వింటాడు."

నేను ప్రమాణం చేయించలేదు. ఆ చీటీ పట్టుకొని సోమవారమే బయలుదేరమన్నాను. ఆమె ముఖం చిన్నబోయింది. గుమ్మం దగ్గర రెండు మాటలలో చెప్పలేకపోయినది ఈ వారం ఇక్కడ వ్రాస్తున్నాను. ఎందుకంటే ఈ ప్రశ్న ఆమె ఒక్కతెదే కాదు, మన విచారణలలో ఎన్నో ఇండ్లలో ఉన్నది.

ఇరవై ఏండ్ల క్రితం అయితే నేనే ప్రమాణం చేయించి ఉండేవాణ్ణి. చేయించాను కూడా. అప్పుడు నేనున్న పల్లెలో విభూది బుధవారం నాడు ఒక సహోదరుడు, రోజూ తెల్లవారింది మొదలు తాగే మనిషి, అందరి ఎదుట మరియమాత స్వరూపం ముందు మోకరించి "ఇక ముట్టను" అన్నాడు. నేనే చేయి పట్టుకొని చెప్పించాను. గుడి అంతా చప్పట్లు. ఆ రాత్రి అతని చేతులు వణికాయట. నిగ్రహానికి గుర్తు అనుకున్నారు. మూడవ రాత్రి గోడల మీద పురుగులు పాకుతున్నాయని అరుస్తూ, చెమటలు కారుతూ, భార్యను గుర్తుపట్టకుండా వీధిలోకి పరుగెత్తాడు. "దయ్యం పట్టింది, ఫాదర్ గారిని పిలవండి" అన్నారు. నేను తీర్థం తీసుకొని వెళ్ళాను. ప్రార్థన మొదలుపెట్టాను కూడా. ఇంతలో మన మఠం వారి దవాఖానాలో నర్సుగా పనిచేసే సిస్టరు గారు వచ్చి, నాడి పట్టుకొని, కళ్ళు చూసి, "ఇది దయ్యం కాదు ఫాదర్, జీపు తీయండి" అన్నారు. జిల్లా ఆసుపత్రికి చేర్చేలోపు దారిలో మూర్ఛ వచ్చింది. ప్రభువు దయవలన బ్రతికాడు. తిరుగు దారిలో సిస్టరు గారు నన్ను మందలించిన తీరు ఇంకా జ్ఞాపకమే. "పాపం మాన్పించాలనుకున్నారు, మనిషిని చంపబోయారు" అన్నారు. నా దగ్గర సమాధానం లేకపోయింది.

అసలు సంగతి ఏమిటో తరువాత వైద్యులను అడిగి తెలుసుకున్నాను. మద్యం మెదడును మందగింపజేస్తుంది. ఏండ్ల తరబడి రోజూ తాగేవానిలో మెదడు ఊరుకోదు. ఆ మందగింపును ఎదుర్కొనడానికి తన వేగాన్ని పెంచుకుంటుంది. ఇద్దరు మనుషులు తలుపుకు అటూ ఇటూ నిలిచి బలంగా నెడుతున్నారనుకోండి. ఒకడు హఠాత్తుగా తప్పుకుంటే రెండవవాడు ముందుకు బోర్లా పడతాడు. మద్యం ఆగిన మెదడు స్థితి అదే. ఆఖరి తాగుడు తరువాత 6 నుండి 12 గంటలలో వణుకు, వాంతి, చెమట మొదలవుతాయి. మూర్ఛలు ఎక్కువగా మొదటి 48 గంటలలో వస్తాయి. రెండవ రోజు దాటి నాలుగవ రోజు లోపల కొందరికి మతి తప్పి, లేనివి కనబడి, వినబడి, గుండె వేగం, జ్వరం పెరుగుతాయి. దీన్ని డెలీరియం ట్రెమెన్స్ అంటారు. వైద్యం లేకపోతే ప్రాణం పోవచ్చు. తాగే ప్రతివానికీ ఇది రాదు. కాని లేవగానే చేతి వణుకు ఆపుకొనడానికి తాగేవానికి, లోగడ మానినప్పుడు మూర్ఛ వచ్చినవానికి, ఇంటి దగ్గర ఒక్కసారిగా మాన్పించడం ప్రమాదం. 2020 మార్చిలో లాక్‌డౌన్‌తో మద్యం దుకాణాలన్నీ మూతపడినప్పుడు ఎర్రగడ్డ ఆసుపత్రికి ఈ లక్షణాలతోనే జనం బారులు తీరారు. వారెవరూ ప్రమాణం చేసినవారు కారు, సరుకు దొరకనివారు. మెదడుకు ఆ తేడా తెలియదు.

మన ప్రాంతంలో కల్లు సంగతి వేరుగా చెప్పాలి. ఈత, తాటి చెట్టు కల్లు అనుకొని తాగేదానిలో చాలాచోట్ల డైజీపామ్, ఆల్ప్రజోలామ్, క్లోరల్ హైడ్రేట్ కలుపుతున్నారు. 2015 సెప్టెంబరులో అధికారులు కల్తీ కల్లును కట్టడి చేయగానే తెలంగాణ జిల్లాలలో ఎందరో వణుకులతో, మూర్ఛలతో, వింత ప్రవర్తనతో ఆసుపత్రుల పాలయ్యారు. ఈ మందులకు అలవాటుపడినవానికి చికిత్స వేరు, గడువు కూడా ఎక్కువ. కనుక "మావాడు బ్రాందీ తాగడండీ, కల్లే" అని తేలిక చేసి చెప్పకండి. ఏ కల్లు, రోజుకు ఎన్ని సీసాలు, ఆఖరిసారి ఎప్పుడు అనేవి ఉన్నదున్నట్టు డాక్టరుకు చెప్పాలి. పాపసంకీర్తనంలో దాచినట్టే అక్కడా దాస్తారు మనవాళ్ళు!

మరి అక్కడ ఏమి చేస్తారు? గొలుసులు వేయరు, కరెంటు పెట్టరు. మద్యం మెదడులో ఎక్కడ పనిచేస్తుందో సుమారుగా అక్కడే పనిచేసే క్లోర్‌డయాజిపాక్సైడ్ వంటి మందును మొదట తగినంత ఇచ్చి, రోజురోజుకూ తగ్గిస్తూ వారం, పది రోజులలో ఆపివేస్తారు. తలుపు అవతలివాణ్ణి మెల్లగా తప్పించడమన్నమాట. కాలేయం చెడినవానికి లోరాజిపామ్ వంటిది వాడతారు. ఈ మాత్రలు మందుల షాపులో కొని ఇంట్లో ఇవ్వకూడదు. మీద మద్యం పడితే ఊపిరి ఆగవచ్చు, పైగా అవి కూడా అలవాటయ్యేవే.

రెండవది థయామిన్, అనగా బి1 విటమిన్. అన్నం మాని తాగేవారిలో ఇది అడుగంటిపోయి ఉంటుంది. మన పల్లెలలో నీరసంగా ఉన్నాడనగానే వెంటనే గ్లూకోజు సీసా ఎక్కిస్తారు. థయామిన్ ఇవ్వకుండా గ్లూకోజు ఎక్కిస్తే ఉన్న కాస్త విటమినూ ఖర్చైపోయి, చూపు చెదరి, నడక తప్పి, జ్ఞాపకశక్తి ఎప్పటికీ దెబ్బతినవచ్చు. ఈ ఒక్క ముక్క మన ఉపదేశులందరూ గుర్తుపెట్టుకోవాలని నా విన్నపం.

అయితే ఈ పది రోజులూ వైద్యంలో మొదటి భాగమే. విషం దిగిన మనిషి మామూలుగా కనబడతాడు, ఇంటివారు "బాగయ్యాడు" అని తెచ్చేసుకుంటారు. నెల తిరగకముందే మళ్ళీ మొదలు. కోరికను తగ్గించడానికి నాల్‌ట్రెక్సోన్, అకాంప్రోసేట్ అనే మందులున్నాయి. డైసల్ఫిరామ్ అనే మరొకటి కలదు. అది వేసుకొని తాగితే ముఖం ఎర్రబడి, వాంతులై, గుండె దడదడలాడుతుంది. కొందరు ఇల్లాళ్ళు దీన్ని భర్తకు తెలియకుండా కూరలో కలుపుతారు. అమ్మా, దయచేసి ఆ పని చేయవద్దు. తెలియక తాగితే ప్రాణం మీదికి వస్తుంది. అతనికి చెప్పి, అతడు ఒప్పుకుంటేనే డాక్టరు ఇస్తాడు.

మందుతో పాటు తోడు కావాలి. ఆ తోడును ఆసుపత్రిలోనే మొదలుపెట్టినవారిలో మన మఠకన్య ఒకరున్నారని చాలామందికి తెలియదు. అమెరికాలో ఏక్రన్ అనే పట్టణంలో 1935లో డాక్టర్ బాబ్ స్మిత్, బిల్ విల్సన్ అనే ఇద్దరు ఆల్కహాలిక్స్ అనానిమస్ సంఘాన్ని ప్రారంభించారు. ఇద్దరూ తాగుడులో మునిగి తేలినవారే. ఆ రోజులలో తాగుబోతును ఆసుపత్రులు చేర్చుకొనేవి కావు. అక్కడి పునీత తోమాసు ఆసుపత్రిలో రోగులను చేర్చుకొనే బల్ల దగ్గర కూర్చొనే సిస్టర్ ఇగ్నేషియా 1939లో డాక్టర్ బాబ్ పంపిన రోగిని కడుపులో మంట అని వ్రాసి చేర్చుకున్నారు. అతణ్ణి ఉంచడానికి చోటు లేక పూలు సర్దే గదిలో మంచం వేయించారు. తరువాత వారికోసం ప్రత్యేక వార్డే ఏర్పడినది. ఇంటికి వెళ్ళే ప్రతి రోగికీ ఆమె యేసు తిరుహృదయం బిళ్ళ ఒకటి ఇచ్చి, మళ్ళీ తాగాలనిపిస్తే ముందు ఇది నాకు తెచ్చి ఇచ్చి తాగు అనేవారట. గమనించండి, ప్రమాణం ఉన్నది, కాని వైద్యం తరువాత ఉన్నది.

"మరి పాపం కాదా ఫాదర్?" అంటారు. సెమినరీలో తత్వశాస్త్రం చదివే రోజులలో అరిస్టాటిల్ ప్రశ్న ఒకటి మమ్ములను తికమకపెట్టేది: మంచి ఏదో తెలిసి కూడా మనిషి చెడు ఎందుకు చేస్తాడు? పరీక్షలో నేను రెండు పేజీల జవాబు వ్రాశాను. ఆ పల్లెలో ఆ మూడవ రాత్రి చూసిన తరువాత ఆ జవాబు చాలదనిపించింది. శ్రీసభ సత్యోపదేశం 1735వ పేరాలో అలవాటు, భయం, మానసిక కారణాలు మనిషి బాధ్యతను తగ్గించవచ్చునని, కొన్నిసార్లు లేకుండా కూడా చేయవచ్చునని చెబుతుంది. మొదటి గ్లాసు ఎత్తినప్పుడు ఉన్న స్వేచ్ఛ పదివేలవ గ్లాసు నాటికి అంతే ఉండదు. పూర్తిగా పోయిందని నేననను; పోతే ఆసుపత్రి మెట్లు ఎక్కేదెవరు? సీరా పుత్రుని గ్రంథం 38వ అధ్యాయం జబ్బు చేసినవానిని ప్రార్థించమంటుంది, వైద్యునికి చోటు ఇమ్మంటుంది. రెండూ ఒకేచోట ఉన్నాయి, చదివి చూడండి.

పేరు భయం గురించి ఒక మాట. 2017 మానసిక ఆరోగ్య చట్టం మద్యం, మత్తుమందుల వలన కలిగే మానసిక స్థితులను కూడా తన పరిధిలో చేర్చింది. పెద్దవాడైన రోగి తానే అడిగి చేరవచ్చు. గొలుసుతో కట్టడాన్ని ఆ చట్టం పూర్తిగా నిషేధించింది. అందుచేత తలుపులు మూసి, కొట్టి మాన్పిస్తామనే కేంద్రాలకు డబ్బు పోయకండి. ఎక్కడికి వెళ్ళాలో తెలియనివారు 14416 టెలీ మానస్‌కు గాని, 14446 మత్తు విముక్తి సహాయ కేంద్రానికి గాని ఫోను చేయవచ్చు. డబ్బు అక్కరలేదు.

ఆ తల్లి గురువారం రాత్రి ఫోను చేసింది. వణుకు తగ్గిందట, పెరుగన్నం అడిగి తిన్నాడట. ప్రక్క మంచం మీద ఉన్నాయన బ్యాంకు ఉద్యోగి అని ఆశ్చర్యంగా చెప్పింది. వచ్చే నెల మళ్ళీ చూపించుకోవడానికి రమ్మన్నారు, అదే రోజు మన గుడి పండుగ. మానుకోమంటారా అని అడిగింది. పండుగ పూజ సాయంత్రం కదా, ప్రొద్దున బస్సుకు నేను కూడా తోడు వస్తానని చెప్పాను.