పచ్చికకొండలపై పాదచారులు

ఉత్తర ఇంగ్లండులోని సెడ్‌బర్ పట్టణము నానుకొని హౌగిల్ కొండలు కలవు. అచ్చటివారు కొండను 'ఫెల్' అందురు. వీనిలో ఎత్తైనది 'ది కాఫ్' శిఖరము. దాని ఎత్తు 676 మీటర్లు. గుండ్రని మిట్టలు, వానిని కప్పిన పచ్చిక, అందు మేయు గొఱ్ఱెలు – ఇవియే ఎటు చూచినను కనబడును. సమీపముననున్న లేక్ డిస్ట్రిక్టు అను సరస్సుల ప్రాంతమునకు యాత్రికులు తండోపతండములుగా పోవుదురు. ఏకాంతమును కోరువారు ఈ కొండలకు వత్తురు.

అయినను వీని సౌమ్యతను నమ్మి ఏమరుట తగదు. పొలములు దాటి పైకెక్కినచో దారి తెలుపు గోడలుగాని, కంచెలుగాని దాదాపు ఉండవు. పొగమంచు క్రమ్మినచో మిట్టలన్నియు ఒక్కరీతిగనే తోచును. శిఖరమునుండి నలువైపులకు గట్లు చీలియున్నవి. ఒకదానికి మారుగా వేరొకటి పట్టినవాడు తన బసకు దూరముగా వేరొక లోయలోనికి దిగును. ఇంతలో చీకటి పడవచ్చును. తూర్పువైపున కాట్లీ స్పౌట్ జలపాతముచెంత నేల నిటారుగా తెగియున్నది. అచ్చట దారి తప్పుట ప్రాణములకే ముప్పు.

కావున తెలిసిన పాదచారి ఆ ప్రాంతపు పటమును, దిక్సూచిని, వెచ్చని దుస్తులను వెంట గొనిపోవును. తాను పోవు దారిని ఇతరులకు ముందే చెప్పును. మంచు క్రమ్మకముందే దిక్కును చూచుకొనును. వాతావరణము చెడినచో, శిఖరము చేరువలోనున్నను వెనుదిరుగును. అది పిరికితనము కాదు, వివేకము. కొండ రేపు కూడ అచ్చటనే యుండును. మనము క్షేమముగా నున్నగదా దానిని మరల నెక్కుట!