గట్టు తగాదాలు - కోర్టులో పరిష్కారము

దున్నునప్పుడు గట్టు ప్రక్క చాలు ఏటేట ఒకింత లోనికి జరుగుట రైతులెల్లరు ఎఱిగినదే. రెండువందల గజముల గట్టు ఒక్క గజము జరిగినచో నాలుగు సెంట్లకు పైగా నేల చేయి మారును. అందుకై ఇరుగుపొరుగులు కోర్టుకెక్కుదురు. అట్టివారు ముఖ్యముగా గ్రహింపవలసినది ఒక్కటి: హద్దు తగాదాకు ప్రాణము కొలత.

దావాకు పూర్వమే సర్వే శాఖనుండి మీ నెంబరు పటము నకలు తీసికొనుడు. దీనిని ఎఫ్.ఎం.బి. యందురు, తెలంగాణమున టిప్పను అని వాడుక. పాత పటములలో కొలతలు లింకులలో నుండును. నూరు లింకులు ఒక గొలుసు, అనగా 66 అడుగులు. రుసుము చెల్లించి, పొరుగువానికి నోటీసు ముట్టిన పిదప, అతని యెదుటనే సర్వేయరుచే కొలిపింపుడు. చాటున జరిగిన కొలత కోర్టులో నిలుచుట కష్టము.

అయితే సర్వేయరు గీతను చూపునే కాని హక్కును తీర్పజాలడు. అడంగలు స్వాధీనమునకు సాక్ష్యము. హక్కునకు మూలము దస్తావేజు. కావున రెండును జతపఱుపవలెను. నేల అప్పటికే పొరుగువాని స్వాధీనమందున్నచో ఇంజంక్షను మాత్రమే కోరిన లాభము లేదు. హక్కు ప్రకటనమును, స్వాధీనమును గూడ కోరవలెను.

దావా నడచుచుండగా, 1908 సివిలు ప్రొసీజరు కోడు 26వ ఆర్డరు 9వ రూలు ననుసరించి, స్థలము కొలిపించుటకు కమీషనరును నియమింపుమని అర్జీ పెట్టుకొనవచ్చును. హద్దు నిర్ణయమే తగాదా యైనచో కమీషనరును నియమించుట యుక్తమని హర్యానా వక్ఫు బోర్డు వ్యాజ్యమున 2008లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. కమీషనరు కొలుచునాడు ఉభయులును పొలమున నుండవలెను. నివేదికలో తప్పున్నచో ఆక్షేపణ దాఖలు చేయుడు, కమీషనరును విచారింపవచ్చును.

గడువులను మఱువరాదు. బలవంతముగా తొలగింపబడినవాడు 1963 స్పెసిఫిక్ రిలీఫు చట్టము 6వ సెక్షను క్రింద ఆరు మాసములలో దావా వేసినచో, హక్కు విచారణ లేకయే స్వాధీనము పొందవచ్చును. పొరుగువాడు తనదేయని బహిరంగముగా పండ్రెండేండ్లు అనుభవించినచో పటము మీవైపున్నను నేల పోవచ్చును. 1923 సర్వే, సరిహద్దుల చట్టము క్రింద సర్వే ముగిసినట్లు ప్రకటన వెలువడినచో, ఆ నిర్ణయమును మార్పించుటకు గడువు మూడేండ్లే. 2020 డిసెంబరులో ఆంధ్రప్రదేశమున రీసర్వే ఆరంభమైనది కనుక అచ్చటి రైతులు దీనిని గమనింపవలెను.

కొలత తేలిన పిదప పట్టుదల వలదు. దావా నడుచుచున్నను లోక్ అదాలతునందు రాజీపడవచ్చును. ఆ అవార్డు డిక్రీతో సమానము. దానిపై అప్పీలు లేదు. చెల్లించిన కోర్టు ఫీజు తిరిగి వచ్చును. రాజీపత్రమునకు కొలతల పటము జతపఱచి, రాళ్లు పాతించుకొనుడు. లేనిచో ఆ తగాదాయే మీ బిడ్డలకు ఆస్తితోపాటు సంక్రమించును.