పాఠం 7: పర్మిట్ జారిపోయినవారు ఐర్లాండులో మళ్ళీ చట్టబద్ధంగా ఉండే దారులు

గల్ఫ్‌లో పనిచేసి వచ్చిన కార్మిక సోదరులకు 'ఆమ్నెస్టీ' అనే మాట కొత్త కాదు. కంపెనీ వదిలి ఖల్లివెల్లి అయినవారు ఆమ్నెస్టీ ప్రకటించగానే ఔట్‌పాస్ తీసుకుని, జరిమానా లేకుండా ఇంటికి వెళ్ళేవారు. ఐర్లాండులో 2022లో ప్రకటించిన పథకం అలాంటిది కాదు. అది ఇంటికి పంపే పథకం కాదు, ఇక్కడే ఉంచే పథకం. ఈ తేడా తెలియక, దరఖాస్తు చేస్తే పట్టుకుని పంపేస్తారేమో అని భయపడి ఆగిపోయినవారు మన వాళ్ళలో ఉన్నారు. అందుకే ఈ పాఠం.

ముందు ఆ పథకం సంగతి. అది 2022 జనవరి 31న మొదలై జూలై 31న ముగిసింది. కాగితాలు లేకుండా వరుసగా 4 సంవత్సరాలు ఐర్లాండులో ఉన్నవారు, మైనర్ పిల్లలతో ఉన్నవారైతే 3 సంవత్సరాలు ఉన్నవారు, దరఖాస్తు చేసుకోవచ్చని నిబంధన. ఫీజు ఒక్కరికి 550 యూరోలు, కుటుంబానికి 700 యూరోలు. మంజూరైనవారికి ఏ పని అయినా చేసుకునే హక్కు వచ్చింది. ఆ రోజు నుండి గడిపిన కాలం పౌరసత్వానికి కూడా లెక్కలోకి వస్తుంది. డిపోర్టేషన్ ఆర్డరు ఉన్నవారిని కూడా, మిగతా నిబంధనలు సరిపోతే, తీసుకున్నారు.

గమనించవలసిన విషయం: ఆ పథకం మూతబడింది. ఇప్పుడు "ఇంకో ఆమ్నెస్టీ వస్తోంది, ముందుగా పేరు రాయించుకో, ఇన్ని యూరోలు కట్టు" అని ఎవరైనా అంటే అది మోసం. పథకం ఏదైనా ప్రభుత్వమే ప్రకటిస్తుంది, దరఖాస్తు నేరుగా ఇమ్మిగ్రేషన్ శాఖకే వెళుతుంది. మధ్యలో ఏజెంటుకు పని లేదు. మా వద్దకు వచ్చిన ఒక సోదరుడు ఇలాగే ఇద్దరికి డబ్బు కట్టాడు. ఇద్దరి దగ్గరా రసీదు తీసుకోలేదు.

మరి ఇప్పుడు మిగిలిన దారి ఏమిటి? ఇక్కడ ఒక ప్రశ్న వేసుకోండి: మీరు ఐర్లాండుకు వచ్చింది ఎలా? వర్క్ పర్మిట్ మీద సరిగ్గానే వచ్చి, తరువాత మీ తప్పు లేకుండా పర్మిట్ పోయిందా? యజమాని రెన్యువల్ చేస్తానని చెప్పి చేయకపోవడం, జీతం ఎగ్గొట్టి పని మాన్పించడం, పని చోట వేధింపులు భరించలేక బయటికి రావడం, ఇవన్నీ ఇందులోకి వస్తాయి. ఇలాంటివారి కోసం 2009లో అక్టోబరు నుండి డిసెంబరు దాకా మూడు నెలలపాటు ఒక తాత్కాలిక పథకం నడిచింది. 2014 అక్టోబరు నుండి 'రీయాక్టివేషన్ ఎంప్లాయ్‌మెంట్ పర్మిట్' అనే పర్మిట్ శాశ్వతంగా చట్టంలోకి వచ్చింది. దీని గురించి మన వాళ్ళలో తెలిసినవారు చాలా తక్కువ.

ఇది రెండు మెట్లు. మొదట ఇమ్మిగ్రేషన్ శాఖకు మీ కథ రాసుకోవాలి: ఎప్పుడు వచ్చారు, ఎవరి దగ్గర చేశారు, పర్మిట్ ఎందుకు పోయింది. వాళ్ళు ఒప్పుకుంటే ఒక లెటరు, కొద్ది నెలల తాత్కాలిక అనుమతి ఇస్తారు. ఆ గడువులో మీకు పని ఇచ్చే యజమానిని వెతుక్కుని, అప్పుడు పర్మిట్‌కు దరఖాస్తు చేయాలి. కథ నోటితో చెబితే చాలదు. పాత పర్మిట్ కాపీ, పే స్లిప్పులు, బ్యాంకు కాగితాలు, యజమానితో నడిచిన ఫోను మెసేజీలు, ఏదీ పారేయవద్దు. చిన్న చీటీ కూడా సాక్ష్యమే. విజిటరుగా వచ్చి ఉండిపోయినవారికి, స్టూడెంటు వీసా మీద వచ్చి కాలం దాటినవారికి ఈ దారి వర్తించదు.

జీతం బకాయి మాట కూడా చెప్పాలి. డబ్లిన్‌లో ఒక పాకిస్తానీ వంటవాడు 2002లో వచ్చి ఏళ్ళ తరబడి రోజంతా చాకిరీ చేశాడు. యజమాని పర్మిట్ రెన్యువల్ చేయించలేదు. లేబర్ అధికారులు అతనికి సుమారు 92 వేల యూరోలు రావాలని తేల్చారు. అయితే 2012లో హైకోర్టు, పర్మిట్ లేదు గనుక కాంట్రాక్టే చెల్లదని ఆ సొమ్మును ఆపేసింది. ఇది ఎంత అన్యాయంగా ఉందో చూసి 2014లో చట్టం మార్చారు: పర్మిట్ కోసం తాను చేయగలిగింది చేసిన కార్మికుడు, కాగితాలు లేకపోయినా, చేసిన పనికి సొమ్ము కోసం కోర్టుకు వెళ్ళవచ్చు. 2015లో సుప్రీం కోర్టు ఆ వంటవాడి పక్షానే తీర్పు చెప్పింది. కాబట్టి "నీకు కాగితాలు లేవు, ఎక్కడికి పోతావో పో" అని యజమాని అంటే, ఆ మాట నమ్మి ఊరుకోవద్దు. మీ పాస్‌పోర్టు యజమాని దగ్గర పెట్టుకోవడం, రప్పించిన ఖర్చు అని జీతంలో కోసుకోవడం కూడా ఇక్కడ చట్టవిరుద్ధమే.

పై దారులు ఏవీ సరిపోనివారికి ఒక రోజు న్యాయశాఖ నుండి ఉత్తరం రావచ్చు, మిమ్మల్ని దేశం నుండి పంపాలని అనుకుంటున్నామని. 1999 ఇమ్మిగ్రేషన్ చట్టం 3వ సెక్షన్ కింద వచ్చే ఈ ఉత్తరం చూసి ఇల్లు మారి దాక్కునేవారు ఎక్కువ. అదే పెద్ద పొరపాటు. జవాబుకు 15 పనిదినాలు గడువు ఉంటుంది. మీ అంతట మీరు వెళ్ళిపోవచ్చు, డిపోర్టేషన్‌కు ఒప్పుకోవచ్చు, లేదా ఎందుకు ఉండనివ్వాలో రాసుకోవచ్చు. రాసుకుంటే మీ వయసు, ఇక్కడ గడిపిన కాలం, కుటుంబం, పని చరిత్ర, నడవడిక, మానవతా కారణాలు అధికారులు చూడాలి. జవాబు లేకపోతే ఆర్డరు వేసేస్తారు. ఆ ఆర్డరుకు కాలపరిమితి లేదు. రద్దు చేయించుకుంటే తప్ప ఐర్లాండులో మళ్ళీ అడుగు పెట్టలేరు. స్వయంగా వెళ్ళినవారికి ఈ చిక్కు లేదు. కాబట్టి ఉత్తరం అందిన రోజే సొలిసిటరును గానీ, డబ్లిన్‌లోని మైగ్రెంట్ రైట్స్ సెంటర్ వారిని గానీ కలవండి.

బిడ్డ ఇక్కడ పుట్టింది కదా, ఐరిష్ పౌరసత్వం వస్తుంది కదా అని అడుగుతుంటారు. 2004 రెఫరెండం తరువాత ఆ రోజులు పోయాయి. తల్లిదండ్రులు ఇద్దరూ విదేశీయులైతే, 2005 నుండి పుట్టిన బిడ్డకు పుట్టుకతో పౌరసత్వం రావాలంటే తల్లి గానీ తండ్రి గానీ అంతకు ముందు నాలుగేళ్ళలో మూడేళ్ళు చట్టబద్ధంగా ఇక్కడ ఉండి ఉండాలి. డబ్బు ఇచ్చి కాగితం పెళ్ళి చేసుకునే ఆలోచన కూడా మానుకోండి. ఉన్న అవకాశం కూడా పోతుంది.

కాగితాలు తిరిగి వచ్చాక లెక్క కొత్తగా మొదలవుతుంది. పర్మిట్ మీద 5 సంవత్సరాలు గడిస్తే దీర్ఘకాల నివాసం, స్టాంప్ 4 అడగవచ్చు. అప్పటి నుండి పర్మిట్ అవసరం ఉండదు. 8 సంవత్సరాల చట్టబద్ధ నివాసం ఉంటే స్టాంప్ 5. పౌరసత్వానికి 5 సంవత్సరాలు. అందులో చివరి సంవత్సరం ఎడతెగకుండా ఉండాలి. కాగితాలు లేని సంవత్సరాలు ఎన్ని ఉన్నా వీటిలో దేనికీ కలవవు. ఐరిష్ పౌరసత్వం తీసుకుంటే భారత పాస్‌పోర్టు సరెండర్ చేయవలసి ఉంటుంది, తరువాత ఓసీఐ కార్డుకు దరఖాస్తు చేసుకోవచ్చు.

పర్మిట్ ఇంకా చేతిలో ఉన్నవారికి ఒక మాట. గడువు తేదీ మీరే గుర్తు పెట్టుకోండి, ఆఫీసువాళ్ళు చూసుకుంటారులే అనుకోవద్దు. సిబ్బందిని తగ్గించే క్రమంలో మీ పని పోతే 4 వారాల్లోపు పర్మిట్ శాఖకు తెలియజేయండి, కొత్త పని వెతుక్కోవడానికి 6 నెలలు దొరుకుతాయి. యజమానితో పడకపోతే, 2024 సెప్టెంబరు నుండి, 9 నెలలు నిండినవారు అదే పర్మిట్ మీద యజమానిని మార్చుకోవడానికి అనుమతి అడగవచ్చు. చెప్పకుండా మానేసి వేరే చోట చేరితే మాత్రం పర్మిట్ చేతిలో ఉన్నా లేనట్టే.

ఐర్లాండులో నివాసం ఇచ్చే అధికారం ఎంబసీకి లేదు. పాస్‌పోర్టు పోయినా, గడువు తీరినా, యజమాని ఇవ్వకపోయినా మా వద్దకు రండి. వచ్చేటప్పుడు ఉన్న కాగితాలన్నీ, పాతవి చిరిగినవి సహా, ఒక సంచిలో వేసుకుని రండి.