ఎదుట పెట్టినది తినుట

ధ్యాన భాగము: లూకా సువార్త 10వ అధ్యాయము, 1 నుండి 9 వచనములు



ప్రభువు డెబ్బదిమందిని ఇద్దరిద్దరిగా ఊళ్లకు పంపిన సంగతి మనలో చిన్నపిల్లలకు సహితము తెలియును. ఈ భాగము మీద ప్రసంగము చేయునప్పుడు మనము సామాన్యముగా కోతను గూర్చియు, పనివారి కొరతను గూర్చియు చెప్పుదుము. ఏడు ఎనిమిది వచనములను మాత్రము తొందరగా దాటిపోవుదుము. చేర్చుకొనిన యింటనే నిలిచియుండవలెను, ఇల్లిల్లు మారరాదు, వారు పెట్టినది తినవలెను అని అక్కడ ఉన్నది. తినుమను మాట రెండు సారులు ఉన్నది. దేవుని రాజ్యమును గూర్చి ప్రకటించుటను తొమ్మిదవ వచనములో చెప్పిన ప్రభువు, అంతకు ముందే అన్నమును గూర్చి ఎందుకు చెప్పెను?

ఈ ప్రశ్న నన్ను మనది కాని ఒక సంఘపు యౌవనుల యొద్దకు తీసికొని పోయినది. లోకము వారిని మోర్మనులు అని పిలుచును. తమను పూర్తి పేరుతోనే, అనగా కడవరి దిన పరిశుద్ధుల యేసుక్రీస్తు సంఘమువారు అని పిలువవలెనని వారి అధ్యక్షుడు 2018లో కోరెను. వారు పరిశుద్ధ గ్రంథముతోపాటు మోర్మను గ్రంథమును కూడ లేఖనముగా ఎంచుదురు. త్రియేక దేవుని గూర్చిన వారి బోధ మన సంఘముల విశ్వాస ప్రమాణములతో ఏకీభవింపదు. ఆ భేదము చిన్నది కాదు, దానిని నేను మరుగుపరచను. అయినను 18 ఏండ్ల పిల్లవాడు ఇల్లు విడిచి పరదేశములో రెండు సంవత్సరములు ఎట్లు గడుపునో తెలిసికొనుట మనకు నష్టము కాదు. వారు మనకు అంత దూరస్థులును కారు. 2012లో భారతదేశమునందు వారి మొదటి స్టేకు, అనగా కొన్ని స్థానిక సంఘములు కలిసిన మండలము, ఏర్పడినది హైదరాబాదులోనే.

పిల్లవాడు వెళ్లవలసిన చోటును తాను కోరుకొనడు. ఉత్తరము వచ్చును, అందులో ఉన్న దేశమునకు పోవును. జీతము లేదు. ఖర్చు తాను కూడబెట్టుకొనినదో, తల్లిదండ్రులు పంపునదో. భాష రానివారికి అమెరికాలోని ప్రోవో వంటి పట్టణములలో ఉన్న శిక్షణాలయములు కొన్ని వారములు నేర్పి పంపును. యువతులును పోవుదురు, వారికి కాలము పదునెనిమిది నెలలు. మగపిల్లలను ఎల్డరు అని పిలుతురు. ఎల్డరు అనగా పెద్ద. మన సంఘములలో తల నెరసిన తరువాత గాని దొరకని పేరు, అక్కడ మీసము సరిగా రానివాని రొమ్ము మీది బిళ్లపై వ్రాయబడి యుండును! నవ్వు వచ్చును గాని, ఆ పేరు మోయలేక ఎన్ని రాత్రులు దిండు తడిసినదో ఎవరికి తెలియును?

తెల్లవారి ఆరున్నర ప్రాంతమున లేతురు. ప్రార్థన, వాక్య పఠనము, భాష నేర్చుకొనుట. తరువాత వీధులు. వారములో ఒక దినము బట్టలు ఉతుకుకొనుటకు, సరకులు తెచ్చుకొనుటకు, ఇంటికి వ్రాయుటకు విడిచిపెట్టుదురు. 2019 ఫిబ్రవరి వరకు తల్లి గొంతు ఫోనులో వినుట సంవత్సరమునకు రెండు సారులే, క్రిస్మసునకును మాతృదినమునకును. ఆ నెల నుండి వారమునకొకసారి మాటలాడనిచ్చుచున్నారు. జతగాడు లేక బయటికి అడుగు పెట్టరాదు. ఆ జతగాని తాను ఏర్పరచుకొనలేదు. వాని గురక, వాని చాదస్తము, వాని మౌనము, అన్నియు భరింపవలసినదే. తలుపు మూసిన ఇంటివానిని క్షమించుట సులభము, వాడు మరల కనబడడు. పక్క మంచము మీది వానిని ప్రతిదినము క్షమింపవలెను. పౌలు బర్నబాలంతటివారికే అది కుదరక వేరైపోయిరి గదా (అపొ. కా. 15:39).

అయితే నేను చెప్పదలచిన సంగతి వారి తొలి దినములలో ఇంకను స్పష్టముగా కనబడును.

1850 డిసెంబరు 12న పదిమంది మోర్మను ప్రచారకులు హవాయి దీవులలోని హోనొలులూ రేవులో దిగిరి. వారిలో జార్జి క్యూ. కానన్ అను యౌవనుడు ఒకడు, వయస్సు 23. అంతకు ముందు కాలిఫోర్నియాలో బంగారము త్రవ్వుచుండెను. తెల్లవారికి బోధింపవచ్చునని తలంచి వచ్చిరి. వినుటకు తెల్లవారు కొద్దిమందియే యుండిరి, వారికిని ఆశ లేదు. ఇక పని లేదని కొందరు తిరిగి ఓడ ఎక్కిరి. కానన్ మాత్రము, నేను ఈ దేశస్థుల భాష నేర్చుకొని వారికే చెప్పెదనని నిలిచిపోయెను. మావీ దీవిలోని లహైనాలో అతని జట్టు చేతిలో డబ్బు అయిపోయెను. అప్పుడు నాలిమనూయి అను స్థానిక స్త్రీ తన యిల్లు వారికి విడిచి, తాను కుమార్తె యొద్దకు పోయి యుండెను. ఏలీయాకు సారెపతు విధవరాలు జ్ఞాపకము వచ్చుట లేదా?

తరువాత తిండి శోధన వచ్చినది. ఆ దీవులవారి ముఖ్యాహారము పోయి అనునది. చేమదుంప వంటి దుంపను ఉడికించి, దంచి, నీళ్లు కలిపి పులియనిత్తురు. కానన్ దానిని నోట పెట్టుకొనగానే కడుపులో త్రిప్పెను. పుస్తకములు కుట్టువాని పులిసిన జిగురుపాత్ర వాసన వచ్చినదని తాను 1879లో ప్రకటించిన జ్ఞాపకములలో వ్రాసికొనెను. అయితే జనుల యిండ్లలో బ్రదుకవలెనంటే వేరొక తిండి లేదు. వేరుగా వండించుకొనినచో వారికి భారము. కాబట్టి ఇది నాకు రుచిగా చేయుమని దేవుని వేడుకొని తినెను. అటుపిమ్మట రొట్టె కంటెను అదియే యిష్టమాయెనని అతని సాక్ష్యము.

దీనిని చిన్న సంగతి అనుకొనవద్దు. గొప్ప జనసమూహము మారవలెనని ప్రార్థించుట సులభము. నా నాలుక మారవలెనని ప్రార్థించుట కష్టము. కానన్ ఆ యిండ్లలో కూర్చుండి భాష నేర్చెను. నపేలా అను స్థానిక న్యాయాధిపతి సహాయముతో తన సంఘపు గ్రంథమును హవాయి భాషలోనికి త్రిప్పెను. అది 1855లో శాన్‌ఫ్రాన్సిస్కోలో అచ్చుపడెను. ఇక్కడ ఒక మాట న్యాయముగా చెప్పవలెను. ఆ భాషకు వ్రాత కూర్చి, 1839 నాటికి బైబిలంతయు అనువదించినవారు 1820 నుండి అక్కడ పాటుపడిన ప్రొటెస్టెంటు మిషనరీలు. నపేలా చదివిన లహైనాలూనా పాఠశాల వారిదే. ఒకరు విత్తిన చేను మరియొకరు కోసిరి. మనకది బాధగా ఉండవచ్చును. అయినను ఆ చేలో కూర్చుండి వారి తిండి తినినవాడు ఎవడో కూడ చూడవలెను.

నా సంగతి ఒకటి దాచక చెప్పెదను. యౌవనములో ఒక పల్లెకు వాక్యము చెప్పుటకు పోయితిని. ఒక ముసలమ్మ ముంతలో అంబలి తెచ్చి, "త్రాగు నాయనా, ఎండలో వచ్చినావు" అనెను. నేను తిని వచ్చితినమ్మా అంటిని. తినలేదు. సంచిలో ఇంటినుండి తెచ్చుకొనిన పులిహోర యుండెను. ఆమె ముంత తీసికొని పోయి, కూటమంతయు దూరముగా గోడ ప్రక్కన కూర్చుండి వినెను. ఆ దినమున నేను ప్రేమను గూర్చి నలుబది నిమిషములు మాటలాడితిని. యేసుప్రభువు సమరయ స్త్రీకి జీవజలమును గూర్చి చెప్పకమునుపు ఆమెను నీళ్లు అడిగెనని (యోహాను 4:7) అప్పటికే ఎన్నో సారులు చదివియుంటిని.

హవాయికే మరల వత్తము. 1854లో అదే మావీ దీవికి జోసెఫ్ ఎఫ్. స్మిత్ అను బాలుడు వచ్చెను, వయస్సు పదునైదు. అయిదేండ్ల ప్రాయములో తండ్రిని అల్లరి మూక కాల్చి చంపెను. పదమూడవ యేట తల్లి పోయెను. పిల్లవాడు కోపిష్టి. తన చెల్లెలిని కొట్టబోయిన ఉపాధ్యాయుని మీద చేయి చేసికొని బడి పోగొట్టుకొనెనని అతడే చెప్పెడివాడట. అటువంటివానిని సముద్రము దాటించి పంపిరి. దారి ఖర్చునకు కాలిఫోర్నియాలో కూలిపని చేసెను. దీవిలో అడుగుపెట్టిన తరువాత జ్వరముపడి మంచమెక్కెను. బోధింపవచ్చినవాడు నీళ్లు కావలెనని అడుగుటకు కూడ భాష చాలని స్థితిలో ఉండెను. మహుహీ అను స్థానిక స్త్రీ వానిని తన యింట ఉంచుకొని, కన్నకొడుకునకు చేసినట్లు సేవచేసి బ్రదికించెను. వాడు ఆమెకు ఇచ్చుటకు ఏమియు లేదు, పుచ్చుకొనుట తప్ప.

కొన్ని నెలలలోనే ఆ బాలుడు వారి భాషలో ధారాళముగా మాటలాడసాగెను. సుమారు మూడు సంవత్సరములుండి తిరిగి పోయెను. 1901లో ఆ సంఘమంతటికిని అధ్యక్షుడాయెను.

అధ్యక్షుడైన తరువాత ఒకసారి హోనొలులూకు వచ్చినప్పుడు జనులు రేవునకు బారులు తీరిరి. మేళము, పూలదండలు, గొప్పవారి కరచాలనములు. ఇంతలో చూపు పోయిన ఒక ముదుసలి, ఒకరు చేయి పట్టి నడిపింపగా, "యోసేపా, యోసేపా" అని పిలుచుచు గుంపులో నుండి వచ్చెను. అతడు ఆ దండలతోనే ఆమె యొద్దకు పరుగెత్తి, కౌగిలించుకొని, అమ్మా అమ్మా అని తల నిమిరెను. తన ప్రక్కనున్న స్నేహితునివైపు తిరిగి కన్నీళ్లతో, ఈమెయే నన్ను చిన్ననాడు సాకినదని చెప్పెను. మహుహీ చేతిలో కొన్ని అరటిపండ్లు ఉండెను. ఆమె వానికొరకు తెచ్చినవి అవియే. అతడు పుచ్చుకొనెను.