గోంగూర తొందరపడి పూస్తోంది, ఎందుకు?

ప్రశ్న: మేం సింగపూర్‌లోని బుకిట్ పంజాంగ్‌లో, ప్రభుత్వం కట్టిన హెచ్‌డీబీ ఫ్లాట్‌లో ఉంటాం. కుండీలో గోంగూర వేస్తే మూరెడు ఎత్తుకైనా రాకముందే పూతకొస్తోంది. ఆకు చిన్నదైపోతోంది. మట్టి లోపమా అండీ?
– ఒక గృహిణి

జవాబు: తప్పు మట్టిది కాదమ్మా, పగటిది. గోంగూర పొట్టి పగళ్ల మొక్క. పగటి పొడవును బట్టే కొన్ని మొక్కలు పూస్తాయని అమెరికాలో గార్నర్, అలార్డ్ 1920లోనే పొగాకు, సోయా మీద పరిశోధించి చెప్పారు. శ్రీకాకుళంలో జూన్ పగలు 13 గంటలు దాటుతుంది. అందుకే అక్కడ తొలకరికి వేసిన గోంగూర ఏపుగా పెరిగి, పగలు తగ్గాక పూస్తుంది. భూమధ్యరేఖ పక్కనున్న మీ దగ్గర ఏడాదంతా పగలు దాదాపు 12 గంటలే. మొక్కకు అది ఎప్పుడూ పూత కాలమే.

ఇలా చేయండి. మూడు వారాలకోసారి కొత్త విత్తనాలు చల్లి, లేతగా ఉన్నప్పుడే మొక్కలు పీకి వాడుకోండి. లేదా పొద్దుగూకాక రాత్రి పది దాకా కుండీ దగ్గర ఎల్‌ఈడీ బల్బు వెలిగించండి. పగలు ఇంకా ఉందనుకుని మొక్క పూత వాయిదా వేస్తుంది. వాన జల్లు తగిలే కుండీలో నత్రజని కొట్టుకుపోతుంది, కాబట్టి రెండు వారాలకో గుప్పెడు కంపోస్టు వేయండి. పూసినా దిగులొద్దు: ఎర్ర గోంగూర కాయల మీది పుల్లటి రేకలు పచ్చడికి పనికొస్తాయి.