నిలుచున్న నీరు

కరిబియను సముద్రమున హిస్పానియోలా అను పెద్ద దీవి కలదు. దాని పడమటి భాగము హైతీ దేశము. అది కొండల దేశము. అచటి పల్లెలలో ప్రొద్దు గ్రుంకి పనులు ముగిసిన పిమ్మట ఇంటి ముంగిట పిన్నలును పెద్దలును చేరి కథలు చెప్పుకొనుట తరతరములుగా వచ్చుచున్న వాడుక.

కథ చెప్పగోరువాడు వెంటనే కథ మొదలుపెట్టడు. ముందుగా "క్రిక్?" అని పిలుచును. వినగోరువారు "క్రాక్!" అని బదులు పలుకవలెను. ఆ బదులు రాకున్న కథ లేదు; చెప్పువాడు ఎంతటి నేర్పరియైనను ఊరకుండవలసినదే. హైతీకి పోయి యీ కథలు విని, 1978లో వానిని ఆంగ్లమున గ్రంథముగా వెలువరించిన డయాన్ వోల్క్‌స్టయిన్ అను అమెరికా కథకురాలు ఈ నియమమును పేర్కొన్నది. మనవారును కథ వినుచు "ఊఁ" కొట్టుదురు గదా! అది కథ సాగుచుండగా జరుగు పని. హైతీవారి "క్రాక్" అట్లు కాదు. కథకు ముందే శ్రోతలొసగు అనుమతి యది.

పొడుపు కథలకు వేఱొక పిలుపు కలదు. అడుగువాడు "టిమ్ టిమ్?" అనును. తక్కినవారు "బ్వా షెష్!" అందురు. ఎండుకట్టె యని యా మాటకు అర్థము. ఎండుకట్టెకును పొడుపు కథకును పొత్తేమని విచారింప బనిలేదు. పిలుపునకు గొంతు కలుపుటయే ముఖ్యము. అటుపిమ్మట ప్రశ్న వచ్చును. "నాలుగు కాళ్లపై నిలుచును, అన్నము వడ్డింతురు, కాని తినలేదు." విడుపు: భోజనపు బల్ల. "బంతివలె గుండ్రనిది, రాజబాటవలె పొడవైనది." విడుపు: దారపుండ. ఇట్టివానిని మన పిల్లలును క్షణములో విప్పగలరు. "నిలుచున్న నీరేది? పరుండిన నీరేది? వ్రేలాడు నీరేది?" అను మూడు ప్రశ్నలు మాత్రము కొంత తడవు ఆలోచింపజేయును. పరుండిన నీరు పుచ్చకాయ. నిలుచున్న నీరు చెఱకు. మూడవదానిని మీరే విప్పుకొనుడు. సముద్రతీరపు పిల్లలకు అది కష్టము కాదు.

చెఱకు అను విడుపు వద్ద కొంచెము ఆగవలెను. ఒకప్పుడు హైతీ సేన్ దొమేంగ్ అను పేర ఫ్రెంచివారి యేలుబడిలో నుండెను. ఆఫ్రికా నుండి ఓడలలో తెచ్చిన బానిసలచేత చెఱకును కాఫీని పండించి తోటల యజమానులు ఐశ్వర్యవంతులైరి. 1789 నాటికి అచటి బానిసల సంఖ్య సుమారు 5 లక్షలు. చెఱకు తోటలలో, గానుగల యొద్ద పనిచేసినవారిలో అనేకులు వచ్చిన కొలది యేండ్లకే మరణించిరి. 1791లో వారు తిరుగబడిరి. 1804 జనవరి 1వ తేదీన హైతీ స్వతంత్ర దేశమయ్యెను. ఎవరి పూర్వులకు చెఱకు అనగా కొరడా దెబ్బలో, వారి పిల్లల నోటనే అది నేడు "నిలుచున్న నీరు" అను ఆటమాట.

ఆ బానిసలు తమ దేశము నుండి వస్తువులేవియు తెచ్చుకొనలేకపోయిరి. కథలు మాత్రము వారి వెంట వచ్చినవి. హైతీ కథలలో బూకీ యను తిండిపోతును, టి మలీస్ అను టక్కరియు మరల మరల కనబడుదురు. పశ్చిమాఫ్రికాలోని వొలొఫ్ భాషలో "బుక్కి" యనగా దుమ్ములగొండి. అచటి కథలలో అది కుందేలుచేత మోసపోవుచుండును. హైతీలో దుమ్ములగొండి లేదు. సముద్రము దాటిన కథలో మృగము పోయి పేరు మిగిలెను. ఆ పేరు ఒక మనుష్యునకు వచ్చెను.

బూకీ కథ యొకటి వినుడు. ఒకనాడు వాడు సంతకు పోగా ఒక ముసలివాడు ఏదియో కమ్మగా తినుచుండెను. బూకీకి నోరూరి, "తాతా! ఏమిటది?" అని యడిగెను. సరిగా నప్పుడే ముసలివానికి నోరు మండి "అయ్ అయ్!" అని యఱచెను. అదియే ఆ వంటకము పేరని బూకీ నమ్మెను. ఇంటికి వచ్చి, "నాకు అయ్ అయ్ తెచ్చిపెట్టుము" అని మలీస్‌ను వేడెను. మలీస్ ఒక సంచి అడుగున ముండ్ల జెముడు ఆకులు వేసి, పైన పండ్లు నింపి తెచ్చెను. బూకీ చేయి పెట్టి నారింజను తీసి, "ఇది అయ్ అయ్ కాదు" అని పాఱవైచెను. అనాసపండును తీసి, "ఇదియు కాదు" అనెను. మరల చేయి లోతుగా దింపెను. "అయ్! అయ్!" అని గంతులిడెను. "నీవడిగినది అదియే కదా!" అనెను మలీస్. విన్నవారందఱును బూకీని చూచి నవ్వుదురు. నాకు మాత్రము, చేతికందిన నారింజను పాఱవైచిన యా ఆకలిగొన్నవానిపై కొంత జాలియు కలుగును.

ఈ కథలును పొడుపులును క్రియోల్ భాషలోనివి. బానిసల నడుమ రూపుదిద్దుకొన్న యా భాషలో పదములు పెక్కు ఫ్రెంచివే. వ్యాకరణము మాత్రము వేఱు. హైతీ ప్రజలందఱు మాటాడునది క్రియోల్. ఫ్రెంచి చక్కగా తెలిసినవారు కొలదిమందియే. అయినను పాఠశాలలలో చిరకాలము ఫ్రెంచియే చెల్లెను. రాత్రి ముంగిట చకచక పొడుపులు విప్పిన బాలుడు ఉదయము తరగతిలో అర్థము కాని పాఠమును వల్లించుచు కూర్చుండెడివాడు. క్రియోల్ మాటాడినందుకు శిక్షలును కలిగెడివి. వానికి మందమతియని పేరు పడినచో తప్పు వానిదని యెట్లనగలము?

సుజాన్ కొమేర్-సిల్వెన్ అను హైతీ విదుషీమణి తన దేశపు కథలను శాస్త్రీయముగా పరిశీలించి 1937లో గ్రంథము ప్రకటించెను. 1979లో పాఠశాలలలో క్రియోల్‌ను వాడుటకు చట్టము అనుమతించెను. 1987 నాటి రాజ్యాంగము దానిని ఫ్రెంచితోపాటు అధికార భాషగా చేసెను. చట్టము మాఱినంతనే తరగతి మాఱలేదు. ఫ్రెంచి వచ్చిననే బిడ్డకు కొలువు దొరకునని తలచు తల్లిదండ్రులు క్రియోల్ చదువును శంకింతురు. వారి భయము అకారణమైనది కాదు.

అట్టి తరగతిలో ఉపాధ్యాయుడు పుస్తకము మూసి "టిమ్ టిమ్?" అనినచో, "బ్వా షెష్!" అనుటకు ఏ పిల్లవాడును నిఘంటువు వెదకనక్కఱలేదు. మఱుక్షణము అడుగువంతు పిల్లవానిది కావచ్చును. ఉపాధ్యాయుడు విప్పలేని పొడుపు వానియొద్ద ఉండవచ్చును.