ట్రాక్టరు, ట్రాలీ దీపములకు క్రొత్తగా వైరింగు చేయుట

మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతపు రైతులు కూరగాయలను, ఆకుకూరలను తెల్లవారక మునుపే బోయిన్‌పల్లి మార్కెటుకు చేర్చుదురు. ట్రాక్టరు బయలుదేరునది చీకటిలోనే. మేడ్చల్ వారికి 44వ నంబరు జాతీయ రహదారి, శామీర్‌పేట వారికి రాజీవ్ రహదారి. రెండింటి మీదను లారీలు రాత్రి యంతయు పోవుచుండును. గంటకు 80 కిలోమీటర్ల వేగముతో వచ్చు లారీ ఒక్క సెకనులో 22 మీటర్లు సాగును. దీపము లేని ట్రాలీ ఆ డ్రైవరు కంటబడునప్పటికి బ్రేకు వేయుటకు వ్యవధి చాలదు.

దీపము వెలుగనిచో మనవారు మొదట బల్బు మార్చుదురు. అప్పటికిని వెలుగనిచో ఏదో వైరు ముక్క తెచ్చి అతుకుదురు. ఇట్లు పదేండ్లు గడచిన ట్రాక్టరులో ఏ వైరు ఎచటికి పోవుచున్నదో యజమానికే తెలియదు. అట్టి దానికి మరియొక అతుకు వేయుట కంటె పాత వైర్లు తీసివేసి క్రొత్తవి వేయుట మేలు. పొలము పని తక్కువగా నున్న రెండు దినములు ఇందుకు చాలును. ఇక్కడ చెప్పునది పాత ట్రాక్టర్లకు, ట్రాలీలకు మాత్రమే. ఎలక్ట్రానిక్ పరికరములు గల క్రొత్త ట్రాక్టరు వైర్లను మీరు కోయరాదు.

పాత వైరును లాగివేయుటకు ముందు కాగితము మీద పటము గీయుడు. బ్యాటరీ, స్విచ్చి, ప్రతి దీపము, వాటి మధ్య వైరు రంగు అందులో నుండవలెను. ఇది వృథా శ్రమ యని తోచవచ్చును గాని, రెండవనాడు సాయంకాలము మీకు దారి చూపునది ఆ కాగితమే.

తరువాత బ్యాటరీని విడదీయవలెను. ముందుగా నెగటివ్ వైరును, ఆ పిమ్మట పాజిటివ్ వైరును విప్పుడు. బిగించునప్పుడు నెగటివ్ చివరిది. ఈ క్రమము తప్పినచో పానా ఒక కొన పాజిటివ్‌కు, రెండవ కొన ఇంజను ఇనుమునకు తగిలి పెద్ద నిప్పురవ్వ లేచును. ఛార్జి అగుచున్న బ్యాటరీ నుండి మండు వాయువు వెలువడును గనుక ఆ రవ్వ మిగుల ప్రమాదకరము. టెర్మినల్సు మీది తెల్లని, పచ్చని బూజును వంటసోడా కలిపిన వేడినీటితో కడిగి, ఆరిన పిదప బిగించి, పైన వాజెలిన్ పూయుడు.

వైరు ఎంత లావుండవలెను? 21 వాట్ల బ్రేకు బల్బులు రెండును కలిసి 12 వోల్టుల వద్ద మూడున్నర ఆంపియర్లు తీసికొనును. బ్యాటరీ నుండి ట్రాలీ వెనుకకు 10 మీటర్లు, తిరుగుదారి 10 మీటర్లు. అర చదరపు మిల్లీమీటరు సన్నవైరు వేసినచో సుమారు 2 వోల్టులు త్రోవలోనే పోవును, వెలుగు దాదాపు సగమునకు పడిపోవును. రెండున్నర చదరపు మిల్లీమీటర్ల రాగి వైరులో నష్టము అర వోల్టుకు మించదు. 

ఫ్యూజును బ్యాటరీ పాజిటివ్‌కు వీలైనంత దగ్గరగా పెట్టవలెను. ట్రాలీ దీపములకు 10 ఆంపియర్లది చాలును. ఫ్యూజు కాపాడునది బల్బును కాదు, వైరును. కాలినప్పుడు సిగరెట్టు పెట్టెలోని వెండి కాగితము చుట్టుట పలుచోట్ల చూచుచున్నాము. అట్లు చేసినచో రాపిడి జరిగిన చోట వైరే కాలి, ప్రక్కనున్న డీజిలు పైపునకు నిప్పంటును.

ఇక అసలు చిక్కు ఎర్తులో నున్నది. చాల ట్రాలీలకు తిరుగుదారి వైరు ఉండదు. కరెంటు కొక్కెము పిన్ను గుండ తిరిగి వచ్చునని నమ్ముదురు. ఆ పిన్నుకు గ్రీజు, త్రుప్పు, మట్టి పట్టియుండును. బ్రేకు త్రొక్కినప్పుడు వెనుక దీపములు మందగించుట, ఇండికేటరు వేసినచో బ్రేకు దీపము మినుకుమనుట ఈ లోపమునకే గుర్తులు. పరీక్ష సులభము: బ్యాటరీ నెగటివ్ నుండి విడి వైరు ఒకటి తెచ్చి దీపపు డొప్పకు తాకించుడు. వెలుగు పెరిగినచో దోషము ఎర్తుదే. సముద్రములో తిరుగు చిన్న తెరచాప పడవలు పెక్కింటికి ఇనుప దేహమే యుండదు. కనుక వాటిలో ప్రతి దీపమునకు పోవు వైరు, వచ్చు వైరు రెండును వేయుదురు. ఉప్పునీటికి చెడకుండ తగరము పూసిన రాగి వాడుదురు. మీ ట్రాలీకిని అట్లే ప్రత్యేకమైన ఎర్తు వైరు వేయుడు. దీపములన్నిటి కరెంటు ఆ ఒక్క వైరు గుండనే తిరిగి వచ్చును గనుక దానిని సన్నగా వేయరాదు.

అతుకులను చేతితో మెలిపెట్టి టేపు చుట్టుటతో సరిపెట్టవలదు. వానకు, కుదుపునకు అవి నిలువవు. లగ్గులు నొక్కి బిగించి, పైన వేడికి ముడుచుకొను గొట్టము తొడుగుడు. వైర్లను గొట్టములో నుండి తీసికొనిపొండు. సైలెన్సరుకు దూరముగా, ఎలుకలు చేరని చోట కట్టవలెను.

పని ముగిసిన సాయంకాలము ట్రాలీ తగిలించి, దీపములన్నియు వేసి, ఒకరిని బ్రేకు త్రొక్కమని మీరు వెనుక ఏబది అడుగులు నడచి చూడుడు. మల్టీమీటరు ఉన్నచో బల్బు వద్దను, బ్యాటరీ వద్దను వోల్టులు కొలువుడు. తేడా ఒక వోల్టు దాటినచో ఎక్కడో అతుకు వదులుగా నున్నది.

ట్రాలీని విప్పి రోడ్డు ప్రక్క నిలిపినప్పుడు దానికి కరెంటే యుండదు. అందుచే వెనుక పలకకు ఎర్రని మెరుపు టేపు అంటించి, బయలుదేరునప్పుడెల్ల దానిపై బురదను తుడువుడు.